2.0 లీటర్ టర్బోకు షీట్‌మెటల్ ఇన్‌టేక్ మానిఫోల్డ్: ప్రాజెక్టు డైరీ

బండి, అవసరం

థ్రాటిల్ దాటిన గాలిని సిలిండర్లకు పంచేది ఇన్‌టేక్ మానిఫోల్డ్. అందులో గాలి నిలిచే పెట్టె ప్లీనం, అక్కడినుంచి ఒక్కో సిలిండర్‌కు పోయే గొట్టం రన్నర్. ఈ బండికి పాతది తీసి, రేకుతో వెల్డ్ చేసినది వేశాం. ఇంజిన్ 2.0 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, అల్యూమినియం హెడ్, పెట్రోలు పోర్టు ఇంజెక్షన్. బూస్టు, అంటే వాతావరణ పీడనం మీద టర్బో తెచ్చే అదనపు ఒత్తిడి, 1.4 బార్. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ చేసుకునే రకం. గాలిని మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్‌తో (మ్యాప్ సెన్సర్) లెక్కగడుతుంది, ఎయిర్‌ఫ్లో మీటరు లేదు. థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రెక్క) ఎలక్ట్రానిక్. ఇప్పుడున్న టర్బో 7,500 ఆర్‌పీఎం దాకా గాలి తొయ్యగలదు. అయినా 6,000 దాటగానే, బూస్టు నిలకడగా ఉన్నా, టార్కు జారిపోతోంది.

ఆ జారుడుకు మానిఫోల్డే కారణమని ముందు తేల్చుకోవాలి. వాల్వు స్ప్రింగులు బలహీనమైనా, ఎగ్జాస్ట్ వెనక్కి తోస్తున్నా, స్పార్కు ఆరిపోతున్నా అదే లక్షణం కనబడుతుంది. మొదటి కొలత సులువు. థ్రాటిల్ ముందు పైపులో ఒక ప్రెషర్ సెన్సర్, ప్లీనంలో ఒకటి పెట్టి, ఫుల్ థ్రాటిల్‌లో రెండూ లాగ్ చేశాం. 7,000 దగ్గర తేడా 0.12 బార్. పూర్తిగా తెరిచిన థ్రాటిల్ దగ్గర అంత తేడా ఉండకూడదు. అంటే 60 మి.మీ. థ్రాటిల్ దారి ఇరుకైపోయింది. అది 70 మి.మీ. అయితే దారి వైశాల్యం 28.3 నుంచి 38.5 చదరపు సెంటీమీటర్లకు, అంటే 36 శాతం పెరుగుతుంది.

రెండోది రన్నర్ పొడవు. వాల్వు తెరుచుకోగానే రన్నర్‌లో అల్పపీడనపు అల ఒకటి ప్లీనం దాకా వెనక్కి పోతుంది. అక్కడ తిరగబడి, అధికపీడనంగా మళ్లీ వాల్వు దగ్గరకు వస్తుంది. వాల్వు మూసుకునే ముందు అది చేరితే సిలిండర్‌లోకి కాస్త ఎక్కువ గాలి పడుతుంది. 50 డిగ్రీల వేడి గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 360 మీటర్లు. వాల్వు నుంచి ప్లీనం నోటి దాకా పాత మానిఫోల్డ్‌లో 400 మి.మీ., అందులో అల పోయి రావడానికి 2.2 మిల్లీసెకన్లు. కొత్తదాంట్లో 250 మి.మీ., 1.4 మిల్లీసెకన్లు. పాతదాంట్లో 4,000 దగ్గర సాయం చేసిన అల కొత్తదాంట్లో 6,400 దగ్గర సాయం చేస్తుంది. కింద పోయిందే పైన వస్తుంది, రెండు చోట్లా రాదు. టర్బో చిన్నదై 6,000కే ఊపిరి అందని బండికి ఈ మానిఫోల్డ్ వేస్తే పికప్ పోవడం తప్ప మిగిలేదేమీ ఉండదు. ఆ బండికి పాతదే మంచిది.

విప్పడానికి ముందే పాత మానిఫోల్డ్‌తో పూర్తి లాగులు తీసి పెట్టాం: ఐడిల్‌లో మానిఫోల్డ్ ప్రెషర్, థ్రాటిల్ కోణం, ఫ్యూయల్ ట్రిమ్ములు (మిశ్రమం కోసం ఈసీయూ పెట్రోలులో చేసే దిద్దుబాట్లు), మూడో గేరులో 2,500 నుంచి 7,500 దాకా ఒక పుల్ (ఫుల్ థ్రాటిల్ పరుగు), ఇంజెక్టర్ డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం శాతం), ఇన్‌టేక్ గాలి వేడి. ఇవి లేకపోతే తర్వాత ఐడిల్ తేడాగా ఉన్నప్పుడు అది కొత్త తప్పో పాత తప్పో చెప్పడానికి ఆధారమే ఉండదు.

మొదటి రోజు: బల్ల మీద

కొత్త మానిఫోల్డ్ డబ్బాలోంచి తీసి నేరుగా బిగించే వస్తువు కాదు. ఈ పని మొత్తంలో ఎక్కువ గంటలు బల్ల మీదే పోవాలి. అక్కడ వదిలేసిన ప్రతి తప్పూ ఇంజిన్ మీద చెయ్యి దూరని చోట తేలుతుంది.

ఫ్లాంజి (హెడ్‌కు బిగించే పలక) చదును ముందు చూశాం. ఇది 12 మి.మీ. అల్యూమినియం పలక. దానికి నాలుగు రన్నర్లు వెల్డ్ చేసినప్పుడు వేడికి పలక వంగుతుంది. కంటికి మాత్రం చదునుగానే కనిపిస్తుంది. స్ట్రెయిట్ ఎడ్జి నిలువుగా ఆన్చి కింద ఫీలర్ గేజ్ దూరిస్తే, చివర్లలో 0.05 పట్టలేదు, 2, 3 పోర్టుల మధ్య 0.15 సులువుగా దూరింది. ఇలాంటి ఫ్లాంజికి 0.10 దాటితే మిల్లింగ్ చేయించాల్సిందే. నట్లు బిగిస్తే అదే సర్దుకుంటుందనుకోవడం పొరపాటు. బిగించినప్పుడు సర్దుకుంటుంది, ఇంజిన్ పదిసార్లు వేడెక్కి చల్లారేసరికి మధ్యలో గాస్కెట్ వదులవుతుంది. 0.2 మి.మీ. మిల్లింగ్‌తో చదునైంది. మిల్లింగ్ వీలు కాకపోతే మందపాటి గాజు పలక మీద 120 నంబరు ఎమరీ కాగితం అంటించి, ఎనిమిది ఆకారంలో రుద్దుకోవచ్చు. ఆలస్యమవుతుంది గాని పని అవుతుంది. బెల్టు సాండర్ మీద మాత్రం పెట్టకూడదు. అది అంచులనే తినేసి మధ్యలో బుడిపె మిగులుస్తుంది.

తర్వాత ప్లీనం బలం. పైమూత 42 సెం.మీ. పొడవు, 11 సెం.మీ. వెడల్పు, అంటే 462 చదరపు సెంటీమీటర్లు. 1.4 బార్ బూస్టులో ఆ మూతను బయటికి తోసే బలం దాదాపు 660 కిలోల బరువుతో సమానం. బ్యాక్‌ఫైర్ అయితే ఆ క్షణంలో ఇంకా ఎక్కువ. రేకు 3 మి.మీ. కంటే పల్చగా ఉండి, లోపల అడ్డబద్ద లేకపోతే చదును మూత బూస్టు ఎక్కిన ప్రతిసారీ ఉబ్బి దిగుతుంది. వెల్డు అంచున సన్నటి పగులు అక్కడే మొదలవుతుంది. ఇందులో రెండు అడ్డబద్దలున్నాయి, రేకు 4 మి.మీ.

లీకు పరీక్షకు పోర్టులన్నీ రబ్బరు షీటూ మందపాటి ప్లేట్లూ వేసి మూశాం. లోపల గాలి బుడగ మిగలకుండా నిండా నీళ్లు పోసి, చేతి పంపుతో 3 బార్ ఎక్కించి పది నిమిషాలు ఉంచాం. గాలితో చెయ్యకపోవడానికి కారణముంది. నొక్కిన గాలిలో శక్తి దాగి ఉంటుంది, వెల్డు విడిపోతే ముక్క ఎగురుతుంది. నీళ్లయితే చుక్క కారి ప్రెషర్ పడిపోతుంది, అంతే. నాలుగో రన్నర్ మెడ దగ్గర సూదిమొనంత రంధ్రం దొరికింది. వెల్డింగుకు తిరిగి వెళ్లింది, వచ్చాక ఫ్లాంజి చదును మళ్లీ కొలిచాం. ఆ మళ్లీ కొలవడం మర్చిపోకూడదు. పరీక్షలో పట్టిన నీళ్లను కొలిస్తే ప్లీనం, రన్నర్లు విడివిడిగా ఎంతో తెలిసింది. ప్లీనం 3.6 లీటర్లు, పాతది 2.1.

పోర్టు మ్యాచింగ్. మానిఫోల్డ్ గాస్కెట్‌ను కాదు, హెడ్ పోర్టునే కొలమానంగా తీసుకోవాలి. గాస్కెట్ రంధ్రాలు తరచూ పెద్దవిగా ఉంటాయి. ఫ్లాంజికి నీలం మార్కింగ్ రంగు పూసి, హెడ్ పోర్టు అచ్చు గీసుకున్నాం. మానిఫోల్డ్ నోరు హెడ్ పోర్టు కంటే చుట్టూ అర మి.మీ. చిన్నదైతే మేలు. గాలి చిన్నదాంట్లోంచి పెద్దదాంట్లోకి పోతే పెద్ద నష్టం లేదు. పెద్దదాంట్లోంచి వచ్చి హెడ్ అంచుకు గుద్దుకుంటే సుడులు తిరుగుతుంది. మూడో పోర్టు దగ్గర హెడ్ అంచు 1.5 మి.మీ. అడ్డొచ్చింది. అక్కడ మానిఫోల్డ్ రంధ్రమే పక్కకు జరిగి ఉంది. స్టడ్ రంధ్రాల్లో ఆటను వాడుకుని మానిఫోల్డ్‌ను 0.8 జరిపి, మిగతాది ఆకురాయితో సరిచేశాం. మానిఫోల్డ్ ఎప్పుడు బిగించినా అదే చోట కూర్చోవాలని రెండు చివర్లా డోవెల్ పిన్నులు పెట్టాం.

వ్యాక్యూమ్ పోర్టులకు 1/8 ఎన్‌పీటీ (పైపు ఫిట్టింగుల) మర వేసేటప్పుడు ట్యాపు ఎంత లోతు దింపాలన్నది ముఖ్యం. ఈ మర శంకువులా సన్నబడుతుంది. ట్యాపు ఎక్కువ దింపితే ఫిట్టింగు అడుగుదాకా పోయినా పట్టు దొరకదు. తరచూ ఫిట్టింగు పెట్టి చూసుకుంటూ పోవాలి. చేత్తో బిగిశాక స్పానర్‌తో ఒకటిన్నర నుంచి రెండు చుట్లు చాలు, అంతకు మించితే అల్యూమినియం బొడిపె చీలుతుంది. టెఫ్లాన్ టేపు వాడలేదు. తెగిన పోగు మ్యాప్ సెన్సర్ దారిలో ఇరుక్కుంటే వెతికి పట్టుకోవడం కష్టం. మొదటి రెండు మరలు వదిలి ద్రవ సీలెంట్ పూశాం.

చివరిగా కడగడం. డ్రిల్లింగ్ పొట్టు అల్యూమినియం కాబట్టి అయస్కాంతానికి అంటదు. వేడి నీళ్లు, సబ్బు, పొడుగు బ్రష్షు, ఆ తర్వాత గాలి. తెల్ల గుడ్డ ప్రతి రన్నర్‌లోంచి లాగితే తెల్లగానే బయటికి రావాలి. నాలుగు విడతలు పట్టింది. లోపలి వెల్డు ముత్యాలను వేలితో తడిమి, కదిలేవి ఏమైనా ఉంటే గీకెయ్యాలి. అలాంటి ముత్యం ఒక్కటి చాలు పిస్టన్ తల చెక్కడానికి.

రెండో రోజు: పాతది దించడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి హెడ్‌లోంచి స్టడ్లు లాగితే మర కూడా వెంట వస్తుంది. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ ఆగేదాకా నడిపి, ఇంకో రెండుసార్లు క్రాంక్ చేస్తే రైలులో ప్రెషర్ దిగుతుంది. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్. అప్పుడు కూడా రైలు జాయింటు విప్పేటప్పుడు గుడ్డ చుట్టి విప్పాలి, కొంత పెట్రోలు ఉండనే ఉంటుంది. థ్రాటిల్ బాడీలోంచి కూలెంట్ పోతుంది కాబట్టి ఆ మట్టం కిందికి దించాం. రెండు లీటర్లు సరిపోయింది.

ప్రతి హోస్‌కూ రెండు చివర్లా ఒకే నంబరు టేపు. ఒక చివర మాత్రమే అంటిస్తే రెండో చివర ఎక్కడిదో తర్వాత ఊహించాల్సి వస్తుంది. కింది వరుస నట్లు పైనుంచి కనబడవు. చక్రం తీసి, పొడుగు ఎక్స్‌టెన్షన్, యూనివర్సల్ జాయింటు, 12 నంబరు సాకెట్‌తో కిందినుంచి అందుకోవాలి. మానిఫోల్డ్ కింద బ్లాకుకు బిగించిన సపోర్టు బ్రాకెట్ ఒకటుంటుంది. అది విప్పకుండా లాగితే మానిఫోల్డ్ కదలదు, బలం పెడితే బ్రాకెట్ చెవి విరుగుతుంది. నట్లు చివర్లనుంచి మధ్యకు వదులు చెయ్యాలి.

మానిఫోల్డ్ బయటికి రాగానే పోర్టుల్లో గుడ్డలు కుక్కాం. నాలుగు పోర్టులు, నాలుగు గుడ్డలు, బోర్డు మీద రాసి. తెరిచి ఉన్న వాల్వు మీదికి వాషర్ జారితే హెడ్ విప్పాల్సిందే.

పాత గాస్కెట్ అతుకులు ప్లాస్టిక్ గీకుడుతో, రసాయనంతో నానబెట్టి తీశాం. తిరిగే ఎమరీ డిస్కు పెట్టకూడదు. ఆ డిస్కునుంచి రాలే పొడి అల్యూమినియం ఆక్సైడ్, గట్టి ఆకురాయి లాంటిది. గుడ్డ దాటి ఆయిల్లో కలిస్తే బేరింగులను అరగదీస్తుంది. పని పది నిమిషాల్లో అవుతుంది, ఇంజిన్ పాడవడానికి కొన్ని వందల కిలోమీటర్లు చాలు.

రెండు స్టడ్లు నట్లతో పాటే ఊడి వచ్చాయి. ఎం8 కొత్తవి వేశాం. స్టడ్‌ను హెడ్‌లోకి చేత్తో బిగువుగా దింపితే చాలు, మధ్యరకం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క. పట్టు ఇచ్చేది నట్టు, స్టడ్డు కాదు. ఒక రంధ్రంలో మర సగం పోయి ఉంది. వైరు ఇన్‌సర్టు (పోయిన మర స్థానంలో దింపే తీగ చుట్ట) వేశాం. ట్యాపు గాళ్లలో గ్రీజు నింపితే పొట్టు దానికే అంటుకుంటుంది.

మూడో రోజు: గాస్కెట్ లేకుండా పెట్టి చూడటం

ఈ రోజంతా బిగించి విప్పడమే. మానిఫోల్డ్‌ను ఉత్తగా స్టడ్ల మీద పెట్టి, రెండు నట్లతో ఆనించి, చుట్టూ సందులు కొలవాలి. ఇంజిన్ నిలకడగా ఉండేది కాదు, టార్కు పడితే మౌంట్ల మీద ఊగుతుంది. కదలని వస్తువులకు కనీసం 20 మి.మీ. సందు ఉండాలి. ప్లీనం మీద బంకమన్ను ముద్దలు పెట్టి బానెట్ మెల్లగా మూసి తెరిస్తే ఒకచోట 9 మి.మీ.కి నొక్కుకుంది. అది బానెట్ లోపలి పట్టీ, దాని అంచు మడిచి 21 చేశాం. ఆయిల్ డిప్‌స్టిక్ గొట్టం రెండో రన్నర్‌ను తాకుతోంది, బ్రాకెట్ కొత్తగా చేయించాం. నాక్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి మండటం) సెన్సర్ ప్లగ్గు, స్టార్టర్ పై బోల్టు తర్వాత అందుతాయా అన్నది కూడా ఇప్పుడే చూసుకోవాలి. నాక్ సెన్సర్ వైరు పాతబడి ఉంటే మార్చడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

కింది నట్లలో రెండు, రన్నర్లు కూర్చున్నాక సాకెట్‌కు అందవు. ఫ్లాంజి కింది రంధ్రాలను నోరు తెరిచిన గాళ్లలా కోయించాం. నట్లను ముందే స్టడ్ల మీద నాలుగు మరలు ఎక్కించి పెట్టి, మానిఫోల్డ్‌ను పైనుంచి వాటి వెనక్కి జార్చి, ఓపెన్ స్పానర్‌తో బిగించవచ్చు.

ఇంజెక్టర్లు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఫ్యూయల్ రైలు ఎత్తును స్పేసర్లతో సరిచెయ్యాలి. రైలు పూర్తిగా బిగించాక ప్రతి ఇంజెక్టర్‌నూ వేళ్లతో తిప్పితే కాస్త బిగువుగా తిరగాలి. అస్సలు తిరగకపోతే రైలు దాన్ని నలుపుతోందని అర్థం. పైకీ కిందికీ ఒక మి.మీ. కంటే ఎక్కువ ఆడితే బూస్టులో ఓ-రింగ్ సీటు వదిలేస్తుంది. మొదటి కొలతలో ఆట 2.1 మి.మీ. వచ్చింది. స్పేసర్లను 1.5 తగ్గించాం. ఓ-రింగులన్నీ కొత్తవి, శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ తడితో దింపాం. పొడిగా నొక్కితే అంచు తెగుతుంది, ఆ తెగిన చోటు కనబడదు. ఈ ఇంజెక్టర్లది రెండు ధారల చిమ్ము, రెండు ఇన్‌టేక్ వాల్వుల వెనుక వైపు చెరొకటి పడాలి. ప్లగ్గు అందేలా ఇంజెక్టర్‌ను అడ్డంగా తిప్పేస్తే ఒక ధార మధ్య గోడను తడుపుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్టింగులో తడబాటుకు అది ఒక కారణం.

థ్రాటిల్ ఇప్పుడు రెండో వైపుకు మారింది. ఆరు వైర్లు పొడిగించాలి: మోటారుకు రెండు, 5 వోల్టులు, గ్రౌండు, రెండు పొజిషన్ సిగ్నళ్లు. మోటారు జతను ఒకదానితో ఒకటి మెలేసి, సిగ్నల్ వైర్లకు దూరంగా నడిపించాం. మెలెయ్యకపోతే మోటారు పల్సులు సిగ్నల్‌లోకి దూరి, ఈసీయూ థ్రాటిల్ తప్పు చూపించి సేఫ్ మోడ్‌లో పడేస్తుంది.

మానిఫోల్డ్ సపోర్టు బ్రాకెట్ కొత్తగా చెయ్యక తప్పదు. చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. థ్రాటిల్ బాడీ, పైపు బరువు అంతా ఒక చివర వేలాడుతూ వణుకుతుంటే ఆ చివరి రన్నర్ వెల్డు పగులుతుంది. బ్రాకెట్ రంధ్రాలు పొడుగు గాళ్లుగా ఉండాలి, అన్నిటికంటే చివర బిగించాలి. అది మానిఫోల్డ్‌ను ఎటూ లాగకూడదు.

నాలుగో రోజు: బిగింపు, గొట్టాలు

గాస్కెట్ లోహపు పొరల రకం. పొడిగానే వేశాం, సీలెంట్ ఏదీ పూయలేదు. వేడి ఆపే ప్లాస్టిక్ స్పేసర్ వెయ్యాలా అని చర్చ నడిచింది. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ప్లీనం వేడెక్కకుండా అది కాస్త సాయపడుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో గాలి రన్నర్‌లో ఉండేది చాలా కొద్దిసేపే, అక్కడ లాభం స్వల్పం. పైగా 8 మి.మీ. స్పేసర్ వేస్తే పొడుగు స్టడ్లు, ఇంకో సీలు, కొత్త రైలు కొలతలు. వెయ్యలేదు.

నట్లు మధ్యనుంచి చివర్లకు, మొదట 10, తర్వాత 20 న్యూటన్ మీటర్లు. ఇది ఈ ఇంజిన్ ఎం8 నట్ల లెక్క. వేరే ఇంజిన్‌కు దాని సర్వీసు మాన్యువల్ చెప్పిందే చెల్లుతుంది. 200 దాకా పోయే పెద్ద టార్క్ రెంచ్‌తో 20 కొలవకూడదు, అడుగు కొలతల్లో దాన్ని నమ్మలేం. పావుగంట తర్వాత మళ్లీ వరుసగా చూస్తే మూడు నట్లు కొద్దిగా తిరిగాయి.

ఇక గొట్టాలు. బ్రేకు బూస్టర్‌కు సొంతంగా పెద్ద పోర్టు ఉండాలి, దేనితోనూ పంచుకోకూడదు. దారిలో నాన్-రిటర్న్ వాల్వు. గాలి బూస్టర్‌నుంచి మానిఫోల్డ్‌కు పోవాలి, తిరిగి రాకూడదు. నోటితో ఊది, పీల్చి దిక్కు చూసుకున్నాకే పెట్టాలి. తిప్పి పెడితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పీసీవీ (క్రాంక్‌కేసు ఆవిరిని మానిఫోల్డ్‌లోకి పీల్చే గొట్టం) దారిలోనూ ఒకటి కావాలి. అది మూసుకోకపోతే బూస్టంతా క్రాంక్‌కేసులోకి దూరి, డిప్‌స్టిక్ పైకి లేస్తుంది, సీళ్లు ఆయిల్ కారుస్తాయి. పెట్రోలు ఆవిరి పర్జ్ గొట్టానికి మూడోది. సిలికాన్ హోసు మామూలు వ్యాక్యూమ్‌కు బాగానే ఉంటుంది. పీసీవీకీ పర్జ్‌కూ మాత్రం ఆయిల్, పెట్రోలు తట్టుకునే రబ్బరే వాడాలి.

మ్యాప్ సెన్సర్‌కూ ఫ్యూయల్ రెగ్యులేటర్‌కూ చెరొక పోర్టు. బ్లో-ఆఫ్ వాల్వుతో (థ్రాటిల్ మూసినప్పుడు పైపులోని బూస్టు వదిలేది) కలిపితే అది తెరుచుకున్నప్పుడు వీటి రీడింగు ఊగుతుంది. వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కనుంచి వదిలి బూస్టు అదుపు చేసేది) గొట్టం ఎప్పట్లా కంప్రెసర్ దగ్గరే ఉంది, మానిఫోల్డ్‌కు తేలేదు. మ్యాప్ సెన్సర్ 3 బార్ రకం. 1.4 బూస్టు అంటే అసలు ప్రెషర్ 2.4 బార్, 2.5 రకమైతే అంచున పడుతుంది.

రెగ్యులేటర్ గొట్టం గురించి ఇంకో మాట. బేస్ ప్రెషర్ 3 బార్, గొట్టం తీసి ఉంచి సెట్ చేశాం. 1.4 బార్ బూస్టులో రైలు 4.4కు పెరగాలి, అప్పుడే ఇంజెక్టర్ రెండు వైపులా తేడా 3 బార్‌గా నిలుస్తుంది. ఆ సన్న గొట్టం ఊడితే రైలు 3 దగ్గరే ఆగుతుంది, ఎదురుగా 1.4 తోస్తుంటుంది, తేడా 1.6 మిగులుతుంది. ఇంజెక్టర్ పారుదల ఆ తేడా వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పెట్రోలు 27 శాతం తగ్గిపోతుంది, అదీ ఫుల్ బూస్టులో. పిస్టన్ కరగడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. అందుకే ఈ గొట్టానికి రెండు చివర్లా క్లాంపు, మధ్యలో టీ జాయింటు ఉండకూడదు.

బూస్టు పైపు చివర్లకు పొంగు తీయించి, సిలికాన్ జాయింట్లను స్పిరిటుతో తుడిచి, టీ-బోల్టు క్లాంపులు పొంగుకు లోపలి వైపు పడేలా బిగించాం. ఆయిల్ తడి ఉన్న జాయింటు 1 బార్ దగ్గరే జారి ఊడుతుంది.

అయిదో రోజు: లీకులు

ముందు పెట్రోలు. ఇగ్నిషన్ లేకుండా పంపు పది నిమిషాలు ఆన్ చేసి, ప్రతి ఇంజెక్టర్ కిందా, రైలు రెండు జాయింట్ల కిందా పొడి కాగితం పెట్టాం. మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచుకోవాలి. కాగితాలు పొడిగానే ఉన్నాయి.

తర్వాత గాలి. టర్బో నోటికి మూత బిగించి, రెగ్యులేటర్ ద్వారా 0.3 బార్‌తో మొదలుపెట్టి 1.4 దాకా పోయాం. మూతకు ఎదురుగా నిలబడకూడదు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, బెల్టుల దగ్గర చేతులు పెట్టకూడదు, గాలి ఒత్తిడికి క్రాంకు తిరగవచ్చు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ కరెంటు లేనప్పుడు కొద్దిగా తెరిచే ఉంటుంది కాబట్టి ప్లీనం కూడా నిండుతుంది. అది నమ్మకుండా ప్లీనం గేజి చూసుకోవాలి. ఆయిల్ మూత వదులు చేస్తే పిస్టన్ రింగులు దాటిన గాలి సన్నగా వినబడుతుంది, అది మామూలే. గట్టిగా వస్తే పీసీవీ వాల్వు మూసుకోవడం లేదని అర్థం.

సబ్బు నీళ్లకు మూడు లీకులు బయటపడ్డాయి. బ్లో-ఆఫ్ వాల్వు ఫ్లాంజి దగ్గర పెద్దది, ఒక 1/8 ప్లగ్గు దగ్గర చిన్నది, రెండో ఇంజెక్టర్ కింది ఓ-రింగ్ దగ్గర నురగ. ఇంజెక్టర్ తీసి చూస్తే బొడిపె రంధ్రం అంచున మొన ఉంది, అదే ఓ-రింగ్‌ను కోసింది. నాలుగింటికీ అంచు గుండ్రం చేసి కొత్త ఓ-రింగులు వేశాం.

ప్రెషర్‌లో పట్టు ఉన్న ఓ-రింగ్ వ్యాక్యూమ్‌లో పీల్చవచ్చు. అందుకని పొగ మిషన్‌తో ఇంకోసారి చూడటం మంచిది. ఈ ఈసీయూలో ప్లీనంలోకి గాలి పీలిస్తే మ్యాప్ సెన్సర్ రీడింగు పెరుగుతుంది, ఈసీయూ పెట్రోలు కలుపుతుంది, మిశ్రమం అంతగా చెడదు. ఐడిల్ పెరుగుతుంది, థ్రాటిల్ మామూలు కంటే ఎక్కువ మూసుకుంటుంది. లీకు ఒక రన్నర్ గాస్కెట్ దగ్గరైతే ఆ ఒక్క సిలిండరే లీన్ (పెట్రోలు తక్కువ) అయి ఐడిల్‌లో మిస్ అవుతుంది, బూస్టు ఎక్కగానే మిస్సింగ్ మాయమవుతుంది. ఎయిర్‌ఫ్లో మీటరున్న బండిలో లక్షణాలు వేరు. అక్కడ ఐడిల్‌లో ట్రిమ్ములు ప్లస్‌లోకి పోతాయి, బూస్టులో కొలిచిన గాలి బయటికి పోయి మిశ్రమం రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది.

ఆరో రోజు: స్టార్టు, మ్యాపు

కూలెంట్ పోసి, గాలి తీసి, థ్రాటిల్ మూసుకునే స్థానం ఈసీయూకు మళ్లీ నేర్పాం. ఇంజిన్ అందుకున్నా ఐడిల్ 700, 1,100 మధ్య ఊగింది. లీకు కాదు. పెద్ద థ్రాటిల్ ఒక డిగ్రీ కదిలితే వచ్చే గాలి ఎక్కువ, ప్లీనం నిండటం ఆలస్యం. పాత ఐడిల్ సెట్టింగు ప్రతిసారీ అతిగా దిద్దుతోంది. ఆ దిద్దుబాటు జోరు (గెయిన్లు) తగ్గించాక 900 దగ్గర నిలిచింది. పెడల్ మ్యాపు కూడా మొదటి 20 శాతంలో మెత్తబరిచాం.

పాత ఫ్యూయల్ మ్యాపుతో (ఎప్పుడు ఎంత పెట్రోలో ఈసీయూకు చెప్పే పట్టిక) నేరుగా ఫుల్ బూస్టు లాగకూడదు. పొట్టి రన్నర్‌తో కింద గాలి తగ్గి అదే మ్యాపు రిచ్ చేస్తుంది, అది హాని కాదు. పైన 6,000 దాటాక గాలి పెరిగి అదే మ్యాపు లీన్ చేస్తుంది, అక్కడ ఇంజిన్ పోతుంది. బూస్టు కంట్రోల్ తీసేసి, వేస్ట్‌గేట్ స్ప్రింగు 0.6 బార్‌తో మొదలు. ఇగ్నిషన్ 3 డిగ్రీలు వెనక్కి. మొదటి పుల్ 5,000 దాకా, ఆ తర్వాత లాగ్ చూసి 500 చొప్పున పెంచుకుంటూ పోయాం. బూస్టులో లాంబ్డా (1 అంటే సరిపాళ్ల మిశ్రమం, తగ్గితే రిచ్) 0.78-0.80 దగ్గర ఉంచి, ఆ తర్వాతే ఇగ్నిషన్‌ను నాక్ చూసుకుంటూ ముందుకు తెచ్చాం. ఇంజెక్టర్ డ్యూటీ పైన పెరుగుతుంది, 85 శాతం దాటితే పెద్ద ఇంజెక్టర్లు వచ్చేదాకా బూస్టు పెంచకుండా ఆగాలి.

ఫలితం లెక్కకు దగ్గరగానే వచ్చింది. ఫుల్ బూస్టు పాతదాని కంటే సుమారు 300 ఆర్‌పీఎం ఆలస్యంగా అందుతోంది. 3,500 కింద టార్కు కాస్త పోయింది. 6,000 తర్వాత జారుడు లేదు, థ్రాటిల్ ముందూ వెనకా తేడా 0.03 బార్‌కు పడింది. రోజూ ఊళ్లో నడిపే బండికి ఇది మంచి బేరం కాదు.

థ్రాటిల్ ఒక చివర ఉన్న ప్లీనంలో నాలుగు సిలిండర్లకూ గాలి సమానంగా పడదు. ఎగ్జాస్ట్‌లో ఉన్న ఒకే ఆక్సిజన్ సెన్సర్ నాలుగింటి సగటే చూపిస్తుంది. పుల్ అవగానే ఇంజిన్ ఆపి ప్లగ్గులు తీశాం. థ్రాటిల్‌కు దూరంగా ఉన్న సిలిండర్ ప్లగ్గు మిగతావాటికంటే తెల్లగా ఉంది. ఆ సిలిండర్‌కు పెట్రోలు 3 శాతం పెంచాం, మళ్లీ కొత్త ప్లగ్గులతో చూశాం, దగ్గరికొచ్చింది. ఎగ్జాస్ట్‌లో ప్రతి సిలిండర్ గొట్టానికీ ఉష్ణోగ్రత ప్రోబు పెడితే ఇంకా నమ్మకంగా తెలుస్తుంది.

ఇన్‌టేక్ గాలి వేడి సెన్సర్‌ను ప్లీనం గోడలో వదలకుండా థ్రాటిల్ ముందు పైపులోకి మార్చాం. గోడ వేడిని గాలి వేడిగా చూపిస్తే సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరిన ప్రతిసారీ ఈసీయూ అనవసరంగా ఇగ్నిషన్ వెనక్కి లాగుతుంది.

500 కిలోమీటర్ల తర్వాత

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నట్లన్నీ 20కి చూశాం. రెండు కొద్దిగా తిరిగాయి, రెండూ కింది వరుసవే. సపోర్టు బ్రాకెట్ వదులు చేసి, మానిఫోల్డ్‌ను దాని మానాన కూర్చోనిచ్చి, మళ్లీ బిగించాం. ప్లీనం వెల్డ్ల మీద సుద్దపొడి ద్రావణం పూసి, బూస్టులో నడిపి వచ్చాక చూస్తే ఎక్కడా గీత లేదు. బ్రేకు పరీక్ష: ఇంజిన్ ఆపాక రెండు నొక్కుళ్లు మెత్తగా, మూడోది బిగువుగా. నాన్-రిటర్న్ వాల్వు పట్టుగానే ఉంది. పీసీవీ గొట్టం మాత్రం ఒక క్లాంపు దగ్గర ఆయిల్ చెమర్చింది. దాని స్థానంలో పెద్ద సైజు రబ్బరు గొట్టం, కొత్త వాల్వు వెయ్యాలి. ఆ తర్వాత 1.4 బార్ దగ్గర గాలి పరీక్ష ఇంకోసారి.